డాన్యూబుకి ఇటు 1069, అటు 1837: పాత కొలపాత్రలు చేసిన డైరీ

ద్రవాలు కొలిచే పాతకాలపు పాత్రల్ని ఇంట్లో మళ్ళీ చేసి చూద్దామని మొదలెట్టాను. రెండు వారాంతాల్లో అయిపోతుందనుకున్న పని అయిదు నెలలు పట్టింది. 75 గంటలు, 311 యూరోలు. ఒక రాగి రేకు వృథా అయింది, వంటింటి సీలింగుకి మళ్ళీ రంగు వెయ్యాల్సి వచ్చింది, ఒక రాత్రి సెల్లార్లో నీళ్ళు ఎత్తిపోశాను. ఇదే పని పెట్టుకునేవాళ్ళు ఈ మూడూ తప్పించుకోవచ్చు. అందుకని రాసి పెడుతున్నాను.

మేముండేది జర్మనీలో, డాన్యూబు నది కుడి ఒడ్డునున్న నోయ్-ఉల్మ్‌లో. ఇది బవేరియా. వంతెన దాటితే ఉల్మ్, అది వుర్టెంబర్గ్. 1810లో ఈ రెండు రాజ్యాలకి నదినే సరిహద్దు చేసి ఊరిని రెండు ముక్కలు చేశారు. దాంతో వైన్ లాంటివి కొలిచే "మాస్" బవేరియా వైపు 1.069 లీటర్లు, వుర్టెంబర్గ్ వైపు అదే మాస్ అంటే 1.837 లీటర్లు. 1872 జనవరి 1న జర్మనీ మొత్తం మెట్రిక్ కొలతల్లోకి వచ్చేదాకా ఇదే తంతు.

చెయ్యాలనుకున్నవి ఇవీ:

1. ఇంగ్లండు వైన్ గ్యాలన్, 1707 నాటిది. 231 ఘన అంగుళాలు, అంటే 3785.4 మి.లీ.
2. బవేరియా మాస్: 1069 మి.లీ.
3. వుర్టెంబర్గ్ మాస్‌లు మూడు. ఒకే ఊళ్ళో మూడు ఎందుకో నాలుగో దశలో చెప్తాను.
4. పీపాలో ఎంత పడుతుందో ఒక్క పోటుతో చెప్పే కొలకర్ర.

జర్మన్ పాత్రల మధ్య ఇంగ్లీషు గ్యాలన్ ఎందుకంటే, దాని చట్టమే పాత్ర కొలతలు చెప్పేసింది: గుండ్రంగా ఉండాలి, అడుగు చదునుగా ఉండాలి, వ్యాసం 7 అంగుళాలు, లోతు 6 అంగుళాలు. చెయ్యి తిరగడానికి ఇంతకంటే సులువైనది ఉండదనుకున్నాను. పైగా అమెరికాలో మనవాళ్ళు ఈరోజు బంకులో కారుకి కొట్టించుకునేది ఈ గ్యాలనే. ఆన్ రాణి కాలంలో వైన్‌కి పెట్టిన కొలత ఇప్పుడు పెట్రోలుకి నడుస్తోంది.

మొదటి దశ: ప్లాస్టిక్ గ్యాలన్

త్రీడీ ప్రింటర్‌లో 177.8 మి.మీ. వ్యాసం, 152.4 మి.మీ. లోతుతో స్తూపం గీసి ప్రింటుకిచ్చాను. 11 గంటలు పట్టింది. నీళ్ళు పోసి వంటింటి త్రాసు మీద పెట్టాను. మూడుసార్లు నింపితే మూడు అంకెలు: 3762, 3801, 3789 గ్రాములు.

ఒకే పాత్ర, ఒకే కుళాయి, 39 గ్రాముల తేడా! ఇంకోవైపు పొరల సందుల్లోంచి నీళ్ళు చెమర్చి పది నిమిషాల్లో 6 గ్రాములు తగ్గింది. లీకుని లోపల వార్నిష్ పూసి ఆపాను. ఆ 39 గ్రాముల సంగతి తేలడానికి మాత్రం వారం పట్టింది.

తప్పు పాత్రది కాదు, "నిండింది" అన్న మాటది. అంచుదాకా నీళ్ళు పోశాక కూడా నీరు పొర్లదు, అంచు పైన ఉబ్బి నిలబడుతుంది. ఈ పాత్ర మూతి వైశాల్యానికి ఒక్క మి.మీ. ఉబ్బు అంటే 24.8 మి.లీ. కంటికి ఆ మి.మీ. తెలియదు.

లెక్క: 19 యూరోలు (ఫిలమెంట్, అంటే ప్రింటర్‌కి పెట్టే ప్లాస్టిక్ తీగ), 14 గంటలు.

రెండో దశ: ముందు త్రాసుని కొలవాలి

ఉబ్బుకి మందు గాజుపలక. పాత్ర అంచుని సాన పట్టి, 6 మి.మీ. మందం గాజుపలకని అంచు మీద పక్కనుంచి జరుపుకుంటూ మూసేస్తే ఎక్కువైన నీళ్ళు బయటికి పోతాయి. కింద బుడగ కనిపిస్తే మళ్ళీ మొదటికి. ఇలా చేసిన అయిదుసార్లూ 3756కి అటూ ఇటూ 2 గ్రాములే తేడా వచ్చింది.

అంకె నిలకడగా ఉంది, కానీ తక్కువగా ఉంది. రావలసింది 3784 దాకా. అంటే 28 తక్కువ. మళ్ళీ ప్రింటు చెయ్యబోతుంటే పక్కింటాయన ఆపాడు. రిటైరైన ప్లంబరు, మాటలు తక్కువ. "ముందు త్రాసు సరిగ్గా ఉందో లేదో చూశావా?" అన్నాడు. చూడలేదు.

2 కిలోల తనిఖీ రాయి కొని పెట్టాను. త్రాసు 1994 చూపించింది. కిలోకి 3 గ్రాములు మింగుతోంది. నీళ్ళు సన్నగా పోస్తుంటే అసలు లెక్కలోకే తీసుకోదు, అంకె కదలకుండా కూర్చుంటుంది. వంటకి పనికొస్తుంది, దీనికి కాదు. పాతసామాన్ల సంతలో 6 కిలోల బెంచి త్రాసు కొన్నాను, 0.1 గ్రాము దాకా చూపిస్తుంది.

రెండో సంగతి, గ్రాముకి మిల్లీలీటరు అన్న లెక్క ఇక్కడ చెల్లదు. 21 డిగ్రీల నీరు కొంచెం పలచబడి ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి కూడా నీళ్ళని కాస్త పైకి తేలుస్తుంది. రెండూ కలిపి చూపిన గ్రాముల్ని 1.0031తో హెచ్చవేస్తే అసలు మి.లీ. వస్తాయి. 20 డిగ్రీలకైతే 1.0029, 25కి 1.0040.

ఇదేదో ఇప్పటి ల్యాబుల చాదస్తం అనుకునేరు. 1824లో బ్రిటన్ ఇంపీరియల్ గ్యాలన్ పెట్టినప్పుడు చట్టంలోనే రాశారు: 62 ఫారెన్‌హీట్ డిగ్రీల నీరు, బారోమీటరు 30 అంగుళాల దగ్గర, ఇత్తడి రాళ్ళతో గాలిలో తూస్తే 10 పౌండ్లు. 10 పౌండ్లంటే 4536 గ్రాములు, కానీ ఆ గ్యాలన్ 4546 మి.లీ. ఆ పది తేడా నా లెక్కలోని తేడాయే.

అంతకు రెండొందల ఏళ్ళ ముందు, వంతెన అవతలే, గ్రహాల కక్ష్యల లెక్క తేల్చిన ఖగోళవేత్త కెప్లర్ ఈ పని చేశాడు. 1627లో ఉల్మ్ నగరం కోసం ఆయన లెక్కగట్టిన కంచు కాగు ఇప్పటికీ ఉంది. తన కొలతలన్నీ తన మీదున్న పద్యంలో అదే చెప్పుకుంటుంది: లోతు రెండు అడుగులు, అడ్డం ఒక ఎల్ (పాత పొడవు కొలత), పట్టేది ఒక ఐమర్ (ద్రవాల పెద్ద కొలత), ఖాళీగా మూడున్నర సెంట్నర్లు (పాత బరువు కొలత), డాన్యూబు నీళ్ళతో నిండితే ఏడు. ఊరి పొడవు, బరువు, ద్రవం కొలతలన్నీ ఒకే పాత్రలో పెట్టేశాడు. మా అమ్మాయి పట్టుబడితే నేనూ డాన్యూబు నీళ్ళు పట్టుకొచ్చి, బట్టతో వడగట్టి తూచాను. కుళాయి నీళ్ళకీ వాటికీ గ్యాలన్ మీద 1 గ్రాము తేడా. నా చేతి తేడాయే అంతకంటే ఎక్కువ, కాబట్టి ఏ నీళ్ళైనా ఒకటే.

ఇప్పుడు ఆ 28 మళ్ళీ చూద్దాం.

1. త్రాసు మింగింది: 11.
2. నీటి పలచన, గాలి: 12.
3. పాత్ర నిజంగా తక్కువ: 5.

ఆ అయిదు కూడా నమ్మదగింది కాదు. లోపలి వ్యాసం కాలిపర్‌తో (వ్యాసం, మందం కొలిచే పనిముట్టు) చూస్తే 177.8కి బదులు 177.4 ఉంది, ప్లాస్టిక్ చల్లారి ముడుచుకుంది. వ్యాసంలో తప్పు ఘనపరిమాణంలో రెట్టింపవుతుంది, కాబట్టి అక్కడ 17 మి.లీ. పోయింది. కానీ నాలుగు కిలోల నీటి బరువుకి అడుగు కిందికి వంగి సుమారు 12 తెచ్చి పెట్టింది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకున్నాయి. నేను 5 మి.లీ. చూసి "పర్వాలేదు, బానే ఉంది" అనుకునే ప్రమాదం తృటిలో తప్పింది. ప్లాస్టిక్‌కి అక్కడితో సెలవు.

లెక్క: రాళ్ళు 22, త్రాసు 48, థర్మామీటరు 9, గాజు 8. మొత్తం 106 యూరోలు, 23 గంటలు.

మూడో దశ: రాగి గ్యాలన్

1 మి.మీ. రాగి రేకు, అడుగుకి 3 మి.మీ. ఇత్తడి పలక. గ్యాస్ టార్చి పక్కింటాయనది.

మొదటి రేకు పోయింది ఇక్కడే. చుట్టుకొలతకి 177.8ని పై (π)తో హెచ్చవేసి 558.6 మి.మీ. కోశాను. చుట్టి చూస్తే లోపలి వ్యాసం 176.8. రేకు వంచినప్పుడు లోపలి వైపు ముడుచుకుంటుంది, బయటి వైపు సాగుతుంది, పొడవు మారనిది మందం మధ్యలోనే. లోపలి వ్యాసానికి ఒక మందం కలిపి లెక్కెయ్యాలి: 178.8 ఇంటూ పై, అంటే 561.7. మూడు మి.మీ. కక్కుర్తికి 42 మి.లీ. గ్యాలనూ 31 యూరోలూ పోయాయి. రేకు పని చేసేవాళ్ళు దీన్ని మొదటి రోజే నేర్చుకుంటారట. నేను డిగ్రీ చేసిన మెకానికల్ ఇంజినీరుని, ఆ మాట ఇంట్లో ఎత్తకండి.

రెండో రేకుతో చేసిన వరస:

1. ఎత్తు 152.4 కాకుండా 153.6 కోశాను. తగ్గించడం చేతిలో పని, పెంచడం కాదు.
2. అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కించకుండా ఎదురెదురుగా ఆనించి, బయట రాగి పట్టీ వేసి టంకం పెట్టాను. ఎక్కిస్తే లోపల మెట్టు పడుతుంది.
3. ప్లంబర్లు వాడే సీసం లేని టంకం, అది బాగా అతకడానికి రాసే ఫ్లక్స్. మంట రేకుకి పెట్టాలి, టంకానికి కాదు.
4. అడుగు అతికాక లోపల మూల చుట్టూ టంకం 3 మి.మీ. పేరుకుంది. లెక్కేస్తే అదే 2.5 మి.లీ. గీకలేదు, ఎత్తులో సర్దుకుందామని వదిలేశాను.

చిన్నప్పుడు మా వీధిలోకి బిందెలకి మాట్లు వేసే మనిషి వచ్చేవాడు. బొగ్గు కుంపటి, నవాసారం వాసన, కారిన చోట ఒక్క రాపుతో మూసేసేవాడు. నాకు ఆ అతుకు నాలుగుసార్లు కారింది. అయిదోసారికి లోపల సుద్దపొడి రాసి బయట నీళ్ళలో ముంచితే తడిసిన చోటు నల్లగా కనిపించింది. కన్నం ఎక్కడుందో తెలిశాక రెండు నిమిషాల పని.

ఇంకోరోజు పాత్ర గుండ్రంగా లేదని టెన్షన్ పడ్డాను. ఒకవైపు 178.7, అడ్డంగా 176.9. సుత్తితో కొట్టి సరిచెయ్యబోయి, ఆగి లెక్కేశాను. చుట్టుకొలత మారనప్పుడు కోడిగుడ్డు ఆకారం వల్ల పోయేది 0.2 మి.లీ. కూడా లేదు. వృత్తమే అన్నిటికంటే ఎక్కువ పట్టే ఆకారం కాబట్టి దాని దగ్గర్లో చిన్న వంకరలు లెక్కలోకి రావు. ఈ మాట గుర్తుంచుకోండి, ఆరో దశలో పనికొస్తుంది. వ్యాసం తప్పితే 42 పోతుంది, గుండ్రనం తప్పితే ఏమీ పోదు. నేను భయపడిన క్రమం సరిగ్గా దీనికి తిరగేసి.

చివర సాన. గాజుపలక మీద 180 నంబరు గరుకు కాగితం పరిచి, పాత్రని బోర్లించి తిప్పడం, కడగడం, నింపడం, తూచడం. మి.లీ.లలో: 3811, 3797, 3789, 3786, 3784.6.

అక్కడ ఆపేశాను. ఎందుకంటే చట్టం చెప్పిన జవాబే రెండు. 7 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల లోతు కచ్చితంగా లెక్కేస్తే 230.907 ఘన అంగుళాలు, 3783.9 మి.లీ. అదే చట్టంలో ఉన్న 231 అంటే 3785.4. పై (π) విలువ 22/7 అనుకుంటే 231 సరిగ్గా వస్తుంది. బడిలో మనం వేసుకున్న 22/7తోనే లండన్ పార్లమెంటు గ్యాలన్ లెక్క కుదురుతుంది. రెండిటికీ మధ్య తేడా 1.5, నా పాత్ర ఆ సందులో పడింది. పదిసార్లు నింపితే నా తేడా 1.2 దాకా ఉంది. ఇంక గీకితే తగ్గేది లోహమే, తప్పు కాదు.

ఒక హెచ్చరిక. ఇదంతా "పట్టేది". ఒంపితే వచ్చేది వేరు. బోర్లించి అర నిమిషం ఆగినా లోపలి గోడలకి 4 గ్రాములు అంటుకుని ఉంటుంది. పొడి పాత్ర, తడి పాత్ర కలిపి రాస్తే మీ పట్టిక మీకే అర్థం కాదు.

లెక్క: రెండు రేకులు 62, ఇత్తడి 24, టంకం, ఫ్లక్స్ 18. మొత్తం 210 యూరోలు, 49 గంటలు.

నాలుగో దశ: నది రెండు ఒడ్డులూ

ఇప్పుడు మూడు మాస్‌ల సంగతి. వుర్టెంబర్గ్ 1806 కొలతల ప్రకారం:

1. హెల్‌ఐష్: 1.837 లీటర్లు. తేట కొలత. తేరిన వైన్‌కి.
2. ట్రూబ్‌ఐష్: 1.917 లీటర్లు. మడ్డి కొలత. కొత్తగా పిండిన, ఇంకా మురికిగా ఉన్న వైన్‌కి.
3. షెంక్‌మాస్: 1.670 లీటర్లు. అంగట్లో గ్లాసుల్లో పోసి అమ్మేటప్పుడు.

మడ్డి కొలత అంటే చట్టం ఇప్పించిన కొసరు. కొన్నదాంట్లో కొంత అడుగున మడ్డిగా దిగిపోతుంది కాబట్టి ముందే 80 మి.లీ. ఎక్కువ కొలవమన్నారు. అంగడివాడి సంగతి దీనికి తలకిందులు: తేట కొలతలో 10 మాస్ కొంటే అమ్మేటప్పుడు 11 అవుతాయి. బవేరియాలోనూ ఇలాంటిదే ఉంది. ఐమర్ అనే పెద్ద కొలతకి, పీపాలో కర్ర దించి కొలిస్తే 64 మాస్, అంగట్లో పోస్తే 60. ఏ ద్రవం, ఎవరి చేతిలో ఉంది, ఏ స్థితిలో ఉంది అన్నది కూడా కొలతలో భాగమే వీళ్ళకి.

నాలుగూ పక్కపక్కన పెడితే తేడా ఎత్తులోనే తెలియాలని ఒకే గొట్టం తీసుకున్నాను. 100 మి.మీ. లోపలి వ్యాసం అని రాసి ఉన్న అక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) గొట్టం, ఒక మీటరు. ఆ రాసి ఉన్నది నమ్మి బవేరియా ముక్కని 136.1 దగ్గర కోసేశాను. తర్వాత కాలిపర్ పెడితే 99.6. ముక్క 8.6 మి.లీ. తక్కువ. రెండో దశలో నేర్చుకున్న పాఠం నాలుగో దశకి మరిచిపోయాను, ఇంకేం చెప్పను.

99.6కి సరైన ఎత్తులు, మి.మీ.లలో:

1. బవేరియా: 137.2
2. షెంక్: 214.3
3. తేట: 235.8
4. మడ్డి: 246.0

ఒక్కోటి 1 మి.మీ. ఎక్కువ కోసి, 5 మి.మీ. పలక అడుగున అతికించి, రాగి పాత్రలాగే సాన పట్టాను. మొదట అతికించింది షెంక్. జిగురు మరకలు పోవాలని స్పిరిట్‌తో, అంటే ఆల్కహాల్‌తో, తుడిచాను. పొద్దున్నకి అంచు చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్ళు! కోసిన అక్రిలిక్ లోపల బిగువు ఉంటుంది, ఆల్కహాల్ తగిలితే అక్కడల్లా చీలుతుంది. మిగతా ముక్కల్ని అతికించే ముందు ఒవెన్‌లో 80 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచి, తలుపు తియ్యకుండా చల్లారనిచ్చాను. మా ఆవిడ వచ్చి చూసి, "కేకు చేసే దాంట్లో గొట్టాలు ఉడకబెడుతున్నారా? రేపు పులిహోర కూడా ఆ గ్యాలన్‌తోనే కొలుస్తారేమో" అంది. పగుళ్ళు రాలేదు. షెంక్‌కి మాత్రం ఇంకో ముక్క కొయ్యడానికి గొట్టం మిగల్లేదు, పగుళ్ళతోనే ఉంది, కారడం లేదు.

చివరి అంకెలు: 1069.4, 1669.1, 1837.6, 1916.5 మి.లీ.

ఇవాళ బవేరియాలో మాస్ అంటే లీటరు. పేరు అదే, 69 మి.లీ. పోయాయి. వంతెన మీదుగా తేట మాస్ ఒక చేత్తో, బవేరియా మాస్ ఒక చేత్తో పట్టుకుని నడిచి చూశాను. అటు పనికెళ్ళి సాయంత్రం ఇటు వచ్చి తాగినవాడికి ఎంత తగ్గిందో చెప్పనక్కర్లేదు.

లెక్క: గొట్టం 38, పలక 6, జిగురు 11. మొత్తం 265 యూరోలు, 61 గంటలు.

అయిదో దశ: కొసరు సరిపోయిందా?

చట్టం ఇచ్చిన కొసరు 4.2 శాతం. నిజంగా అంత మడ్డి దిగుతుందా అని చూడబుద్ధేసింది. శరదృతువులో ఇక్కడ కొట్లలో ఇంకా పులుస్తూ ఉన్న కొత్త వైన్ అమ్ముతారు, ఫెడర్‌వైసర్ అంటారు, చూడ్డానికి పలచటి మజ్జిగలా ఉంటుంది. గ్యాస్ పోవడానికి దాని మూత వదులుగా పెట్టే అమ్ముతారు. నాకది తెలీక, ఇంటికి తెచ్చి బిగించి పెట్టాను. అర్ధరాత్రి చప్పుడు. సీలింగు రంగు కథ అదీ.

రెండో సీసాని ఎత్తయిన గాజు జాడీలో పోసి, మూతి మీద పలచటి గుడ్డ కట్టి పెట్టాను. అక్రిలిక్‌లో పొయ్యలేదు, ఆల్కహాల్ పాఠం ఇంకా తాజాగానే ఉంది. మొదట ద్రవం ఎత్తు 200 మి.మీ.

1. మూడు వారాలకి: మడ్డి 11 మి.మీ., 5.5 శాతం.
2. చల్లటి సెల్లార్లో ఇంకో మూడు వారాలకి: 8.5 మి.మీ., 4.25 శాతం.

ఒక్క జాడీ ఫలితమే ఇది, సూత్రం కాదు. కానీ మూడు వారాలకే తేట ఒంపుకున్నవాడు కొద్దిగా నష్టపోతాడు, ఓపిక పట్టినవాడికి సరిగ్గా సరిపోతుంది.

లెక్క: రెండు సీసాలు 7. మొత్తం 272 యూరోలు, 64 గంటలు. రంగు ఖర్చు కలపలేదు.

ఆరో దశ: కెప్లర్ కర్ర

1613 అక్టోబరు 30న ఆస్ట్రియాలో లింజ్ దగ్గర ఎఫర్డింగ్‌లో కెప్లర్ రెండో పెళ్ళి. ఆ ఏడు ద్రాక్ష బాగా పండింది, ఇంటికి వైన్ పీపాలు తెప్పించుకున్నాడు. అమ్మినవాడు వచ్చి బిరడా కన్నంలోంచి ఒక కర్రని ఏటవాలుగా మూలదాకా దించి, తడిసిన చోట అంకె చూసి, ఇంత పడుతుంది, ఇంత ధర అనేశాడు. పీపా పొట్టిదా పొడుగుదా చూడలేదు. ఒకే కర్ర అన్నిటికీ ఎలా సరిపోతుందని కెప్లర్ లెక్కలోకి దిగి, 1615లో దాని మీద ఏకంగా పుస్తకం అచ్చువేశాడు.

నేను చేసిన కర్ర 10 మి.మీ. చదరపు బీచ్ చెక్క, ఒక మీటరు. కర్ర పొడవు డెసిమీటర్లలో తీసుకుని ఘనం చేసి 0.6046తో హెచ్చవేస్తే లీటర్లు వస్తాయి. వుర్టెంబర్గ్‌లో 10 మాస్ ఒక ఇమి, 16 ఇమిలు ఒక ఐమర్. ఇమిల గుర్తులు ఇలా పడ్డాయి, మి.మీ.లలో:

1. 1 ఇమి: 312.0
2. 2 ఇమిలు: 393.1
3. 4 ఇమిలు: 495.3
4. 8 ఇమిలు: 624.1
5. 16 ఇమిలు, అంటే ఐమర్: 786.3

పొడవు రెట్టింపైతే పట్టేది ఎనిమిది రెట్లు. 1 ఇమి పొడవుకి రెట్టింపు దగ్గర 8 పడిందా లేదా చూసుకుంటే గుర్తులు సరిగ్గా గీశామో లేదో తెలిసిపోతుంది.

ఆ 0.6046 పీపా పొడవు దాని వ్యాసానికి 1.414 రెట్లు ఉన్నప్పటి అంకె. ఆకారం మారితే, పీపాని స్తూపం అనుకుని, ఒకే కర్ర పొడవుకి నిజంగా పట్టేది ఎంతంటే:

1. నిష్పత్తి 1: 93.0 శాతం
2. 1.2: 98.3
3. 1.5: 99.8
4. 1.6: 99.0
5. 2: 91.9
6. 3: 66.5

శిఖరం దగ్గర నేల చదునుగా ఉంటుంది. కోడిగుడ్డు ఆకారం 0.2 మి.లీ. కూడా పోగొట్టకపోవడానికి కారణం ఏదో, ఇక్కడా అదే. ఆస్ట్రియా పీపాల వాళ్ళు బద్ద (పీపా గోడకి పేర్చే చెక్క పలక) పొడవులో మూడో వంతుని మూత వ్యాసార్ధంగా తీసుకునేవాళ్ళు. అంటే నిష్పత్తి 1.5. కర్ర సరిగ్గానే చెప్తోందని కెప్లర్ ఒప్పుకున్నాడు, ఆ పీపాలకి మాత్రమే. సన్నగా పొడుగ్గా చేసిన పీపాకి అదే కర్ర పెడితే కొన్నవాడు మునిగినట్టే.

పరీక్షకి 30 లీటర్ల పాత ఓక్ పీపా కొన్నాను. నీళ్ళు నింపి పైకొచ్చి భోంచేసి వెళ్తే సెల్లార్ మడుగు. ఎండిన బద్దల సందుల్లోంచి 9 లీటర్లు కారింది. ఇనుప పట్టాల్ని సుత్తితో కిందికి బిగించి, రెండు రోజులు నింపుతూ ఉంటే బద్దలు ఉబ్బి కారడం ఆగింది. ఆ రెండు రోజుల్లో చెక్క తాగిన నీళ్ళే 600 గ్రాములు, అందుకని తూకానికి ఖాళీ పీపాని తడిదే పెట్టుకోవాలి.

కర్రతో కొలిచిన వరస, తప్పులతో సహా:

1. కర్ర కొస చదరంగా ఉంటే మూలలోకి దిగదు, 4 మి.మీ. తక్కువ చూపింది. కొసని సూదిగా చెక్కి, సున్నాని ఆ కొసకి మార్చాను.
2. అంకె చూడాల్సింది బద్ద లోపలి అంచు దగ్గర. బయటి అంచు దగ్గర చూస్తే 388, అంటే 35.3 లీటర్లు. బద్ద మందం 18 మి.మీ.యే, ఏటవాలులో 22 అవుతుంది, అది చాలు 5.7 లీటర్ల గాలి అమ్ముకోవడానికి.
3. రెండు వైపుల మూలలకీ దించాలి. నాకు 369, 363 వచ్చాయి, కన్నం సరిగ్గా మధ్యలో లేదు. సగటు 366.

కర్ర చెప్పింది 29.64 లీటర్లు. తూచితే 30.2. తేడా 1.9 శాతం తక్కువ, నడుం దగ్గర ఉబ్బుని స్తూపం లెక్క పట్టుకోదు కాబట్టి ఆ వైపుకే రావాలి. కర్ర మీద 1 మి.మీ. అంటే పావు లీటరు. నాలుగొందల ఏళ్ళ నాటి పద్ధతి, నాలుగు యూరోల చెక్కముక్క, పది సెకన్లు. రాగి గ్యాలన్‌కి నేను పోసిన 26 గంటలు గుర్తొచ్చి కాసేపు మాట్లాడలేదు.

లెక్క: చెక్క 4, పీపా 35. మొత్తం 311 యూరోలు, 75 గంటలు.

మిగిలినవి

షెంక్ పాత్ర మళ్ళీ చెయ్యాలి. నడుం ఉబ్బుని లెక్కలోకి తెచ్చే రెండో గీత కర్ర మీద గియ్యాలి. ఒకటే పీపాతో చూసిన ఫలితం చాలదు, సన్నటి పొడుగు పీపా ఒకటి దొరికితే 66.5 శాతం నిజమో కాదో తేలుతుంది.

ఆదివారం నాన్న ఫోన్ చేస్తే పీపా సంగతి చెప్పాను. ఆ మాట పోర్చుగీసు పిపా నుంచే మనకొచ్చిందనీ, ఇంగ్లీషువాళ్ళ దగ్గర అదే పైప్ అయి 126 వైన్ గ్యాలన్ల కొలతగా ఉండేదనీ చెప్పబోయాను. ఆయన వినలేదు. "ఇప్పుడు ఖాళీగా పెట్టావా నింపి పెట్టావా?" అన్నారు. ఖాళీ అన్నాను. "ఎండితే మళ్ళీ కారుతుందిరా, వెళ్ళి నీళ్ళు పొయ్యి." ఫోన్ పెట్టి కిందికెళ్ళాను. రాగి గ్యాలన్‌తో ఏడుసార్లు పోసి, ఎనిమిదోసారి ముంచి ఒంపుతుంటే అంచు దాటింది.